ఎవరు కొట్టాలో రాశారు, దేనితో కొట్టాలో రాయలేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో అడవి పందుల వార్త చదివాను. అనుమతి ఉన్న షూటర్లు వచ్చారు, పందులను కొట్టారు, రైతులు ఊపిరి పీల్చుకున్నారు అని రాశారు. ఫోటోలో ఇద్దరు మనుషులు, రెండు డబుల్ బ్యారెల్ తుపాకులు, కింద పడున్న ఒక పంది. వార్తలో తప్పేం లేదు. కానీ పందిని కొట్టడం గురించి ఎవరు మాట్లాడినా ఎవరు కొట్టాలి, ఎన్ని కొట్టాలి, అనుమతి ఎవరివ్వాలి, కొట్టింది ఎక్కడ పూడ్చాలి అనే దగ్గరే ఆగిపోతున్నారు. ఆ తుపాకీలో ఏ తూటా పెట్టారు అని ఒక్కరూ అడగరు. నేను రాసేది దాని గురించే. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మాది నిర్మల్ జిల్లాలో అడవి అంచు ఊరు. మక్క, పసుపు, కొంత పత్తి వేస్తాం. కంకి పాలు పట్టే రోజుల్లో పందుల మంద దిగిందంటే ఒక్క రాత్రిలో అరెకరం నేలమట్టం, అవి తినేది పావు వంతైతే తొక్కేది ముప్పావు. పోయిన వానాకాలం మా ఊరికీ షూటర్లు వచ్చారు. పైసా తీసుకోకుండా వచ్చిన మనుషులు, వాళ్ల మీద నాకు కోపం లేదు, అది ముందే చెప్తున్నా. రాత్రి పదకొండు దాటాక టార్చి వెలుగులో ఒక పెద్ద మగపంది కనిపించింది, నలభై గజాల పైనే ఉంటుంది దూరం, షూటర్లలో ఒకాయన కొట్టాడు. పంది ఒక్కసారి కూలబడినట్టే అయి మళ్లీ లేచి పక్క పత్తి చేలో దూరిపోయింది. పొద్దున చూద్దాంలే అన్నారు. పొద్దున వాళ్లకంటే ముందు మోటారు ఆన్ చేయడానికి మా చిన్నాయన పోయాడు. పత్తి సాలు మధ్య పడుకున్న పంది లేచి తొడ చీల్చేసింది. ఇరవై రెండు కుట్లు. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు.

మూడో రోజు వాగు పొదల్లో ఆ పంది చచ్చి దొరికింది. వాసన బట్టి కుక్కలు పట్టుకున్నాయి. అటవీ సిబ్బంది వచ్చి చూసినప్పుడు నేనూ అక్కడే ఉన్నా. నాలుగు గుళ్లు తగిలాయి. రెండు పిర్రలో, ఒకటి కడుపులో, నాలుగోది భుజం దగ్గర తోలు దాటి లోపలి గట్టి పొరలో ఇరుక్కుపోయి ఉంది. గుండెకి గానీ ఊపిరితిత్తికి గానీ ఒక్కటి కూడా పోలేదు. మూడు రోజులు అది ఎట్లా బతికిందో ఊహించుకుంటేనే కడుపులో తిప్పినట్టయింది. అది మా పంటను తిన్న పందే కావచ్చు, అయినా సరే.

ఏం తూటా వాడారని షూటర్‌ని అడిగితే ఎల్‌జీ అన్నాడు, అంటే ఒకే తూటాలో కొన్ని పెద్ద గుళ్లు కలిపి ఉండే రకం. దుకాణంలో అదే దొరికిందట.

తుపాకులు తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. మన దగ్గర లైసెన్సు మీద ఎక్కువగా ఉండేది పన్నెండు బోరు తుపాకీ. గొట్టం సైజుకు సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌను బరువు తూగుతాయి, అందుకే ఆ పేరు. గొట్టం లోపల నున్నగా ఉంటుంది, రైఫిల్‌కి ఉన్నట్టు మెలికల గాడులు ఉండవు, ఇట్లాంటి తుపాకీనే షాట్‌గన్ అంటారు. దీంట్లో పిట్టకు ఆవగింజంత రవ్వ నుంచి పెద్ద జంతువుకు వాడే గుండు దాకా ఏదైనా పెట్టొచ్చు, దీని మంచీ చెడూ రెండూ అదే. పెద్ద గుళ్లలో మన దగ్గర పేరున్నవి ఎల్‌జీ, ఎస్‌జీ. ఎల్‌జీలో ఒక్కో గుండు సుమారు 9 మిల్లీమీటర్లు, నాలుగున్నర గ్రాములు. ఎస్‌జీ గుండు 8.4 మిల్లీమీటర్లు, మూడున్నర గ్రాములు. ఇవి కాకుండా ఒంటి గుండు తూటా ఉంటుంది, దాన్నే స్లగ్ అంటారు, తూటా మొత్తానికీ ఒకే ఒక్క సీసపు ముద్ద. మామూలుగా 28 గ్రాములు, అంతకంటే బరువువీ ఉన్నాయి. జర్మనీలో బ్రెన్నెకె అనే ఆయన 1898లో చేసిన రకం ఒకటి, అమెరికాలో ఫాస్టర్ అనే ఆయన 1931లో చేసిన రకం ఇంకొకటి, ఇప్పుడు ప్రపంచంలో వాడే స్లగ్గుల్లో చాలా భాగం ఈ రెండింటి పిల్లలే.

ఇక్కడో అపోహ ఉంది, చెప్పి ముందుకు పోతా. స్లగ్ మీద ఏటవాలుగా గీతలుంటాయి కదా, అవి దాన్ని బొంగరంలా తిప్పుతాయని మా దగ్గర చాలామంది అనుకుంటారు. ఆ గీతలతో తిరిగేది చాలా తక్కువ. స్లగ్ నేరుగా పోయేది దాని ముందు భాగం బరువుగా, వెనక భాగం తేలికగా ఉండటం వల్ల. షటిల్ కాక్ ఎట్లా కొట్టినా బుడిపె ముందుకే తిరుగుతుంది చూడండి, అదే లెక్క. గీతలు నిజంగా పనికొచ్చేది ఎక్కడంటే, గొట్టం చివర సన్నగా ఉంటే అవి నలిగి గుండును అందులోంచి పోనిస్తాయి.

ఇప్పుడు అసలు లెక్క. 28 గ్రాముల స్లగ్ సెకనుకు 480 మీటర్ల వేగంతో బయల్దేరితే దాని బలం 3,200 జౌళ్ల పైన (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం). ఎస్‌జీలో ఒక గుండు సెకనుకు 400 మీటర్లతో బయల్దేరితే 280 జౌళ్లు. అన్ని గుళ్లూ కలిపితే ఎస్‌జీ కూడా తక్కువేం కాదు అని వాదించేవాళ్లున్నారు, కాగితం మీద నిజమే. కానీ గడ్డపార దింపడం వేరు, పిడికెడు మేకులు విసరడం వేరు. పంది శరీరం లోపలికి పోవాల్సింది మొత్తం బలం కాదు, ఒక్కో గుండు తన సొంత బలంతో పోవాలి. ముదురు మగపందికి భుజాల మీద తోలు కింద గట్టి పొర ఒకటి ఉంటుంది, మగపందులు ఒకదాన్నొకటి కోరలతో పొడుచుకునేటప్పుడు కాపాడేది అదే. దాని మీద ఎండిన బురద, కింద కొవ్వు. దగ్గర్లో అయితే ఎల్‌జీ దాన్ని దాటుతుంది, దూరం పెరిగేకొద్దీ గుండ్రటి గుండు వేగం తొందరగా పడిపోతుంది కాబట్టి మా వాగు దగ్గర దొరికిన పందిలో అయినట్టే అవుతుంది. పైగా గుళ్లు విచ్చుకుంటాయి. మోటు లెక్కలో గజానికి ఒక అంగుళం. నలభై గజాలకు మూడడుగుల పైన పరుచుకున్న గుళ్లలో, పంది గుండె ఊపిరితిత్తులుండే జానెడు జాగాలో ఎన్ని పడతాయో మీరే చెప్పండి.

మా తాతకు ఇది లెక్క వేయకుండానే తెలుసు. ఆయనకు పంట కాపలా లైసెన్సు ఉండేది. ఏటా సీజన్‌కు ముందు పాత ఈత చాప ఒకటి చెరువు కట్టకు ఆనించి నిలబెట్టి, బొగ్గుతో పంది బొమ్మ గీసి, ఇరవై గజాల నుంచి ఒకటి, నలభై గజాల నుంచి ఒకటి కొట్టి చూసేవాడట. ఇరవైలో గుళ్లన్నీ బొమ్మ లోపలే. నలభైలో ఎన్నడూ రెండు మూడుకు మించి లేవు, అవి కూడా ఒకటి కాలు దగ్గర, ఒకటి పొట్ట దగ్గర. అందుకే పందికి కుడి గొట్టంలో ఒంటి గుండు పెట్టేవాడు. ఎడమ గొట్టం చివర సన్నగా ఉంటుంది, దాన్ని చోక్ అంటారు, పాత డబుల్ బ్యారెల్‌లో ఎక్కువగా అట్లాగే ఉంటుంది. గొట్టానికి బిగుతుగా పట్టే గుండ్రటి పాతకాలం గుండు ఆ చోక్‌లో ఇరుక్కుంటే గొట్టం పగులుతుందని ఆయన భయం. ఆ భయం సరైనదే. ఎడమ దాంట్లో ఎస్‌జీ, అది కూడా పంది మీదికి వస్తే పది అడుగుల్లో కొట్టడానికి మాత్రమే. ఆయన జమానాలో ఇదంతా ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు, తండ్రి కొడుక్కి చెప్పేవాడు, అంతే. ఇప్పుడు తుపాకీ మిగిలింది, చెప్పేవాళ్లు పోయారు.

ఇంతకంటే పెద్ద ఉదాహరణ కావాలంటే ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని కుమావూఁ కొండల్లో 1907లో వేటగాడు జిమ్ కార్బెట్ కొట్టిన చంపావత్ ఆడపులిని చూడండి. నేపాల్‌లో, కుమావూఁలో కలిపి 436 మందిని చంపిందని దాని మీద లెక్క. చచ్చాక నోరు తెరిచి చూస్తే కుడివైపు పై కోర సగానికి, కింది కోర ఎముక దాకా విరిగిపోయి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో కొట్టిన తుపాకీ దెబ్బ అది. దాంతోనే అడవి జంతువులను వేటాడలేక మనుషుల మీద పడిందని కార్బెట్ తేల్చాడు. సరిగ్గా తగలని ఒక్క దెబ్బ ఎంత దూరం పోయిందో చూడండి. పందికీ పులికీ పోలికేంటి అనొద్దు, మా ఊరు కవ్వాల్ టైగర్ రిజర్వ్‌కు ఎంతో దూరం లేదు, రాత్రి టార్చి వెలుగులో చేలో కదిలేది ఎప్పుడూ పందే అయి ఉండాలన్న గ్యారంటీ ఎవరిస్తారు?

అదే కథలో నా వాదనకు అడ్డం పడే సంగతి కూడా ఒకటి ఉంది, దాచను. ఆ రోజు చివర్లో కార్బెట్ రైఫిల్ తూటాలు అయిపోయాయి. పరుగెత్తి తహసీల్దార్ చేతిలోని షాట్‌గన్ లాక్కొచ్చాడు. అందులో ఉన్నది బరువైన ఒంటి గుండే. తుపాకీ ఎత్తాక చూస్తే గొట్టాలకూ వెనక భాగానికీ మధ్య దాదాపు సెంటీమీటరు సందు! ఇరవై అడుగుల దూరంలో తెరిచిన నోట్లోకి కొట్టాడు, ఆ గుండు నోటికి కాకుండా ముందు పంజాకు తగిలింది. అదృష్టం బాగుండి అంతకుముందు తగిలిన రైఫిల్ దెబ్బలకే పులి పడిపోయింది. ఆ గుండును తర్వాత గోళ్లతోనే పీకి తీశాడట. అంటే స్లగ్ పెట్టినంత మాత్రాన పని అయిపోదు, తుపాకీ బాగుండాలి, కొట్టేవాడికి ఆ తుపాకీ ఆ తూటాతో ఎక్కడ కొడుతుందో ముందే తెలిసి ఉండాలి. గుళ్లైతే పరుచుకుంటాయి కాబట్టి ఏదో ఒకటి తగులుతుందిలే అనే ధీమాతో గురి సరిగ్గా పెట్టరు. ఒంటి గుండుతో ఆ ధీమా కుదరదు. నాకు అందులో నచ్చేది కూడా అదే.

ఇది నేనేదో కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చినప్పుడు, లైసెన్సు మీద వేటకు ఇంకా వీలున్న రోజుల్లో, అందులో 17వ సెక్షన్ ఉండేది. పెద్ద జంతువులుగా లెక్కగట్టిన వాటిని రైఫిల్‌తోనే వేటాడాలి, షాట్‌గన్ వాడాలంటే లైసెన్సులో ప్రత్యేకంగా రాయించుకోవాలి, అప్పుడు కూడా ఒంటి గుండు తూటాయే పెట్టాలి. 1991 సవరణలో వేట లైసెన్సుల భాగంతో పాటే ఆ సెక్షన్ కూడా పోయింది. వేట పోయింది మంచిదే, నాకేం బాధ లేదు. కానీ పంట నాశనం చేసే జంతువును కొట్టడానికి 11వ సెక్షన్ కింద అనుమతులు ఇస్తూనే ఉన్నారు కదా. 2022 సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూల్‌లో ఉంది, నిలబడి ఉన్న పంటకు ప్రమాదమైతే అనుమతి ఇవ్వొచ్చు. కొట్టడం మిగిలింది, ఎట్లా కొట్టాలో చెప్పిన వాక్యం మాత్రం పోయింది. మా ఊరికి వచ్చిన అనుమతి కాగితం నేను చదివాను. షూటర్ల పేర్లున్నాయి, గడువుంది, పూడ్చే పద్ధతి ఉంది. తూటా గురించి ఒక్క ముక్క లేదు.

బయటి దేశాల్లో రాసుకున్నారు. జర్మనీ వేట చట్టంలో జింక, పంది లాంటి గిట్టల జంతువుల మీద రవ్వ గానీ పెద్ద గుళ్లు గానీ వాడటమే నిషేధం, ఒంటి గుండుకు అభ్యంతరం లేదు. ఇంగ్లండులో 1991 జింకల చట్టం పంట కాపాడుకునే రైతుకు షాట్‌గన్ వాడే వీలిస్తూనే, పన్నెండు బోరుకు తక్కువ ఉండకూడదు, ఒంటి గుండైతే 22.68 గ్రాములకు తగ్గకూడదు, గుళ్లైతే ఒక్కోటి 5.16 మిల్లీమీటర్లకు తగ్గకూడదు అని దశాంశాలతో సహా రాసింది. అంత చిన్న గుళ్లకు ఒప్పుకోవడం నాకు నచ్చలేదు, అయినా రాశారు చూడండి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం నాకు తెలుసు. స్లగ్ దూరం పోతుంది, ఎవరికైనా తగిలితే? నిజమే, తప్పిపోయిన స్లగ్ కొన్ని వందల మీటర్లు దాటి పోతుంది, ఎల్‌జీ కంటే ఎక్కువ దూరమే. కానీ రైఫిల్‌తో పోలిస్తే ఎంతో తక్కువ. చికాగో దగ్గర ఉంటున్న మా మేనల్లుడు చెప్పాడు, ఇల్లినాయ్ రాష్ట్రంలో ఎక్కువ భాగం బల్లపరుపు నేల, చేల మధ్యలోనే ఇళ్లు, అందుకని దశాబ్దాల పాటు అక్కడ తుపాకీతో జింకలను కొట్టేవాళ్లకు మామూలు రైఫిల్‌కు ఒప్పుకోకుండా ఎక్కువగా షాట్‌గన్‌లో స్లగ్‌తోనే కొట్టనిచ్చారట. కొన్ని రకాల సింగిల్ షాట్ రైఫిళ్లకు 2023లోనే వీలు కల్పించారు. మన పల్లెల పరిస్థితీ అట్లాంటిదే.

ఇంకో మాట, మన చేలల్లో ముందు నుంచీ ఉన్నది ఒకటుంది. మంచె. మక్క చేలో మంచె మీద కూర్చుని కిందికి కొడితే తప్పిపోయిన గుండు నేలలోకి పోతుంది, పక్క చేలోకి పోదు. మా ఊరికి వచ్చినవాళ్లు గట్టు మీద నిలబడి అడ్డంగా కొట్టారు, వెనక పక్క అర కిలోమీటరులో కోళ్ల ఫారం ఉంది, అందులో మనుషులు పడుకుంటారు. ఏ తూటాతో కొట్టినా అది తప్పే. మంచె ఎక్కడం చిన్నతనమా? జీపు లైటు వేసుకుని తిరగడం గొప్పా? నాకు అర్థం కాదు.

పాత తుపాకుల సంగతి కూడా చెప్పాలి. మా దగ్గర లైసెన్సు తుపాకుల్లో తాతల నాటివి చాలా ఉన్నాయి, కొన్నింటి తూటా గది, అంటే గొట్టంలో తూటా కూర్చునే చోటు, 65 మిల్లీమీటర్ల పొడవుదే. ఇప్పటి 70 మిల్లీమీటర్ల తూటా అందులో సాఫీగా పడుతుంది, మూత కూడా పడుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. పేలినప్పుడు తూటా మూతి దగ్గరి మడత విచ్చుకోవడానికి జాగా చాలక ఒత్తిడి పెరుగుతుంది. బరువైన గుండుతో అది ఇంకా ప్రమాదం. గొట్టం కింది భాగంలో కొలత చెక్కి ఉంటుంది, తుపాకీ విప్పి చూస్తే కనిపిస్తుంది. అనుమతి ఇచ్చే ముందు ఎవరైనా ఒక్కసారి విప్పి చూస్తున్నారా?

ఇక దొరకడం. స్లగ్ కోసం నేను రెండు ఊళ్లలో అడిగాను. ఒక దుకాణంలో ఎల్‌జీ ఉంది, ఇంకొక దాంట్లో పిట్టల రవ్వ తప్ప ఏం లేదు. అడిగేవాళ్లు లేరు కాబట్టి తెప్పించం అన్నాడు దుకాణదారు, ఆయన మాటా న్యాయమే. కాగితం మీద స్లగ్ అని రాస్తే అడిగేవాళ్లు వస్తారు. అది కూడా కుదరకపోతే ఆ జిల్లాలో అనుమతి ఉన్న పదిమందికి సరిపడా సర్కారే తెప్పించి లెక్క రాసి ఇవ్వొచ్చు, వాడిన ఖాళీ డొప్పలు వెనక్కి తీసుకోవచ్చు. అందులోనే నాలుగు తూటాలు గురి చూసుకోవడానికి ఇవ్వాలి. ఊరికే ఇచ్చి పంపితే కార్బెట్ చేతిలోని తహసీల్దార్ తుపాకీ కథే అవుతుంది.

అసలు చంపడం ఎందుకు, కంచె వేసుకోవచ్చుగా అనేవాళ్లతో నాకు పెద్ద గొడవ లేదు. సోలార్ కంచెకు డబ్బులున్నవాడు వేసుకుంటున్నాడు. లేనివాడు చీరలు కడుతున్నాడు, డప్పు కొడుతున్నాడు. ఏమీ పని చేయనివాడు దొంగగా కరెంటు తీగ పరుస్తున్నాడు, దానికి పందులతో పాటు మనుషులు, ఎడ్లు, అప్పుడప్పుడు పులులు కూడా పోతున్నాయి, ఆ వార్తలు మీరే వేస్తున్నారు. సరిగ్గా పడిన ఒక గుండు వీటన్నింటికంటే నయం అని నా అభిప్రాయం. కాదనేవాళ్లు రాయండి, చదువుతా.

నేను అడిగేది కొత్త చట్టం కాదు. అనుమతి కాగితంలో రెండు మూడు లైన్లు చాలు. పన్నెండు బోరుకు తగ్గకుండా, ఒంటి గుండుతో, నలభై గజాల లోపు, మంచె మీద నుంచి కిందికి. దెబ్బ తిన్న జంతువు తప్పించుకుంటే ఆ చుట్టుపక్కల చేలలోకి పొద్దున ఎవరూ పోవద్దని అదే రాత్రి ఊళ్లో చాటింపు వేయించే బాధ్యత కొట్టినవాడిదే అని కూడా రాయాలి. మా చిన్నాయనకు ఆ ఒక్క మాట ఎవరైనా చెప్పి ఉంటే మోటారు దగ్గరికి పోయేవాడే కాదు.

మీ పేజీలో జాగా సరిపోకపోతే కార్బెట్ కథ తీసేయండి, మా తాత చాప కూడా తీసేయండి పర్లేదు. మంచె, చాటింపు మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక మక్క రైతు,
నిర్మల్ జిల్లా